రంగు చాలని పటం

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో ఒక వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది. నేను అక్కడ పనిచేస్తాను. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని ఎవరైనా తెరిచి చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టడం మా విభాగం పని. నేను చేరిన కొత్తలో ఆ సమాచారం కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. చివరికి చేతికొచ్చే ఫైళ్లు మాలాంటివాళ్లకు తప్ప ఎవరికీ తెరుచుకునేవి కావు. మా పెద్దసారుకి అది నచ్చలేదు.

"పాస్‌వర్డు కూడా ఉండకూడదమ్మా. పటంలో ఊరి మీద నొక్కితే ఆ ఊరి గాలిలో ఏముందో కనపడాలి. అంతే," అనేవారు.

ఏళ్ల తరబడి కూర్చుని అలాగే చేశాం. అది తయారయ్యాక రోజూ చూసిన బయటివాళ్లలో మా నాయన ఒకడు. మాది దూదేకుల కుటుంబం. నాయన తిరుపతి లాడ్జీలకు పరుపులు, దిండ్లు కుడతాడు. రైలుకట్టకు ఎగువన ఒక పల్లపు వీధిలో ఆయన షెడ్డు. షెడ్డును ఆనుకున్న మేడ మీద దూది ఆరబోసే ముందు ఫోనులో మా తేమ పటం తెరిచేవాడు. పసుపు ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు, నీలం ముదిరేకొద్దీ తేమ ఎక్కువ ఉన్నట్టు. ఆ మాత్రం ఆయనకు చాలు.

ఆ ఏడు నవంబరులో వానలు విడవకుండా పడ్డాయి. చెరువులన్నీ నిండి అలుగు పారుతున్నాయి. ఒక రోజు ఉదయం మాత్రం తెరిపిచ్చింది. పట్నంలో పల్చటి ఎండ కూడా వచ్చింది. నేను ఆఫీసులో కూర్చున్నానో లేదో ఫోను మోగింది. ఏర్పేడు నుంచి ఒక కాలేజీ అమ్మాయి.

"మేడం, మీ సైటు చెడిపోయినట్టుంది. పటమంతా ఒకే నీలం వస్తోంది."

తెరిచి చూశాను. నిజమే. సూళ్లూరుపేట నుంచి శేషాచలం కొండల దాకా ఎక్కడా హెచ్చుతగ్గులు లేవు, గోడకు రంగు పూసినట్టు ఒకటే ముదురు నీలం. ఫైళ్లు పరీక్షించాను. తప్పు కనిపించలేదు. అప్పుడు అర్థమైంది. రంగుల కొలత పాత ఏళ్ల లెక్కలు చూసి పెట్టుకున్నది. ఇంతకంటే తేమ రాదనుకున్న చోట ఆపేశాం. ఇప్పుడు అంతా దాన్ని దాటిపోయింది.

సారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "కొలత పెంచి చూడమ్మా," అన్నారు.

నా కంప్యూటరు వరకు పెంచాను. ఒకే నీలంగా ఉన్న చోట లోపలి ఆకారం బయటపడింది. సముద్రం మీద నుంచి నల్లటి పట్టీ ఒకటి వచ్చి కొండల మీద ఆగి ఉంది. కదలడం లేదు. సారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"హెచ్చరిక ఇచ్చే అధికారం మనకు లేదు. ఇవ్వాల్సినవాళ్లకు నేను ఫోన్ చేస్తాను. నువ్వు ఇంటికి చెయ్యి."

నాయన వెంటనే ఎత్తాడు.

"నాయనా, దూది మేడ మీదికి ఎక్కించు. మీరంతా కూడా పైకి పోండి."

"ఈడ ఎండ కొడతా ఉండాది కదమ్మా. వాన నిలిచిపోయినాది."

"కొండ మీద ఉండాది. అంతా కిందికే వస్తాది."

"సరే" అన్నాడు. పక్కనే టిఫిన్ రూము నడిపే అక్కకు ఫోను ఇచ్చాడు. ఆమె నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"టీవీలో ఏం చెప్పలేదే పాపా. మధ్యాన్నం బేరం ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

"ఒక్క పూటే అక్కా."

"సూస్తాలే," అంది.

కాసేపటికే ఫోన్లు పనిచేయడం మానేశాయి. బస్సులు ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర నిలబడి కొండల వైపు చూస్తూ గడిపాను. మబ్బు కమ్మేసి అక్కడ కొండలు ఉన్నట్టే తెలియలేదు.

జరిగింది తరవాత నాయన చెప్పాడు. వీధిలో ఇంకా వాన మొదలుకాలేదట. ముందు కాలవ మీది రాతిపలకలు లేచాయి. ఆ వెనకే ఎర్రటి నీళ్లు, వాటితో పాటు కొండ మీది కొమ్మలు, రాళ్లు. అక్క గ్యాస్ సిలిండరు జరుపుతూ లోపలే ఉండిపోయింది. నీళ్ల బరువుకు తలుపు తెరుచుకోలేదు. నాయన, పనివాళ్లు టిఫిన్ రూము పైరేకులు ఊడబీకి, పరుపు గుడ్డను తాడులా పేని లోపలికి వదిలి ఆమెను పైకి లాగారు. చెయ్యి విరిగింది గానీ బతికింది. వీధి చివరి లాడ్జీలో మెట్ల కింద గదిలో పడుకున్న కాపలాదారు మాత్రం బయటికి రాలేకపోయాడు.

మర్నాడు నేను చేరుకునేసరికి వీధివాళ్లంతా ఒక కల్యాణమండపంలో ఉన్నారు. నన్ను చూసి పక్కింటాయన దగ్గరికి వచ్చాడు.

"మేమూ సూసినామమ్మా మీ పటం. నేను, మావాడు, ఇంకా శానామంది. అంతా ఒకటే రంగుండాది కదా, చెడిపోయిందనుకుంటిమి."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే చెప్పాడు. సమాచారం అందరి చేతుల్లోనూ ఉంది. అందరూ చూశారు.

ఆ తరవాత సైటులోనూ కొలత పెంచాం. పటం కింద ఏ రంగుకు ఏమి అర్థమో తేలిక తెలుగులో రాశాం. సారు రిటైరయ్యారు. నాయన షెడ్డును మెరక మీదికి మార్చాడు. అక్కకు వేరే చోటు దొరకలేదు. ఆ పల్లంలోనే మళ్లీ పొయ్యి వెలిగించింది. పొద్దున్నే పటం చూడడం మాత్రం నేర్చుకుంది.

ఈ ఏడు మేము వాడే ఉపగ్రహాల్లో ఒకటి పాతబడింది. ఉండి ఉండి సమాచారం పంపడం మానేస్తోంది. మొన్న పొద్దున అక్క ఫోన్ చేసింది.

"పాపా, సముద్రం మీద తెల్లగా వస్తాండాది. వాన లేనట్టేనా?"

"కాదక్కా. తెలుపంటే ఆడ ఏముండాదో మనకు కనపడలేదని."

వెనక ఎవరో ఇడ్లీలు అడుగుతున్నారు.

"అయితే గిన్నెలు పైన పెట్టుకుంటా," అని పెట్టేసింది.