పెద్దమ్మ నేర్పిన జడ

మా పక్కింటి నర్సక్క పోయింది. ఆ కబురు నాకు తెచ్చింది ఆమె దగ్గర పెరుగుతున్న ఆరేళ్ల చిన్ని. పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే, జుట్టు విరబోసుకుని, చేతిలో దువ్వెనతో వచ్చి నిలబడింది.

"పిన్నీ, పెద్దమ్మ లేవట్లా. జడెయ్యమంటే పలకట్లా" అంది.

చీపురు అక్కడే పడేసి పరిగెత్తాను. అక్క నిద్రలోనే వెళ్లిపోయింది. గుండె జబ్బు ఉందని తెలుసు గానీ ఇంత తొందరగా అని నేను అనుకోలేదు.

మధ్యాహ్నానికల్లా పిడుగురాళ్లలోని మా సందు జనంతో నిండిపోయింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే ఉన్నారు, మధ్యమధ్యలో అందరి నోటా ఒకటే మాట: "ఈ పిల్ల సంగతేంది?" చిన్నికి కన్నవాళ్లు లేరు. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు వాళ్లు ఈ పిల్లను పెంపకం కోసం అక్కకు అప్పగించారు. వాళ్లు కూడా వచ్చారు. "ప్రస్తుతానికి మీ ఇంట్లో ఉంచండమ్మా. పెంచే కుటుంబం దొరక్కపోతే అనాథ పిల్లల హోముకు పంపక తప్పదు" అని నాతో చెప్పి వెళ్లారు. నాకు అరవై దాటాయి, మా ఆయన మంచం పట్టి ఉన్నాడు. ఆ పిల్లను పెంచే ఓపిక నాకు లేదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. హోము అనే మాట వింటే అక్క ముఖం ఎలా మారేదో కూడా నాకు తెలుసు. అందుకే ఆమె గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

వరసకు ఆమె నాకు ఏమీ కాదు. ఆమె ఆదివారం బైబిలు పట్టుకుని చర్చికి పోయే మనిషి, నేను శనివారం వేంకటేశ్వరస్వామికి దీపం పెట్టే మనిషిని. మా మధ్య ఒక పిట్టగోడ. దాని మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. సున్నపు బట్టీల దుమ్ము మా ఊళ్లో తులసాకుల మీదా పడుతుంది, చర్చి గంట మీదా పడుతుంది. దానికి మతం పట్టింపు లేదు. కరివేపాకు రెబ్బను కూడా రెండు మూడు నీళ్లలో కడిగి గాని వాడవద్దని నాకు నేర్పింది అక్కే. నర్సు కదా, ఆ చాదస్తం చివరిదాకా పోలేదు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. మిషను ఆసుపత్రిలో పనిచేస్తూ, చర్చి సంఘం వాళ్లు పంపితే ఆఫ్రికాలోని మలావి దేశం వెళ్లింది. అక్కడ ఒక పల్లెలోని చిన్న ఆసుపత్రిలో చాలా ఏళ్లు సేవ చేసి తిరిగొచ్చి, మా పక్కిల్లు అద్దెకు తీసుకుంది. వచ్చిన కొత్తలో అక్కడి వంట అని చెప్పి నాకు వడ్డించింది. చూస్తే మొక్కజొన్న పిండి సంకటి.

"ఇదేంది అక్కా, సముద్రాలు దాటిపోయి సంకటి కెలకటం నేర్చుకొచ్చావా?" అన్నాను.

కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "అదొక్కటే కాదులేవే. తిను, చెప్తా" అంది.

వెళ్లిన కొత్తలో అక్కడ ఒక తల్లి కాన్పు తర్వాత జ్వరం వచ్చి చనిపోయిందట. పసిగుడ్డు మిగిలింది. తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. అక్క తనకు తెలిసిన పద్ధతిలో పట్నంలోని అనాథాశ్రమానికి కబురు చేసి, బండి పిలిపించింది. మంచి పనే చేస్తున్నాననుకుంది. తీరా బండి వచ్చేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నారు. వాళ్లలోంచి ఒక ముసలామె లేచి, "మేమంతా చచ్చిపోయామా అమ్మా, బిడ్డను ఊరు దాటిస్తున్నావు?" అని అడిగింది. అప్పటికే ఆమె ఇంట్లో తల్లులు పోయిన ఇరుగుపొరుగు పిల్లలు పెరుగుతున్నారట. పసిపాపను అక్క చేతుల్లోంచి తీసుకుని, గుడ్డతో వీపుకు కట్టుకుని వెళ్లిపోయింది. బండి ఖాళీగా తిరిగిపోయింది.

"దేవుడి గురించి వాళ్లకు చెబుదామని పోయానే. ఆయన నాకంటే ముందే పోయి ఆ ముసలామె ఇంట్లో కూర్చున్నాడు" అనేది అక్క.

అలాగని ఆమె విశ్వాసం అక్కడ సుఖంగా గట్టిపడలేదు. ఒక వానాకాలం మలేరియాతో ఆ పల్లెలో పసిపిల్లలు వరసగా పోయారు. ఎంత ప్రార్థించినా ఆగలేదు. ఆమె నోట ప్రార్థన రావడం మానేసింది. సూదిమందు వేయగలిగేది గానీ చేతులు జోడించలేకపోయేదట. ఆ రోజుల్లోనే ఒకటి గమనించింది. బిడ్డను పాతిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే పక్కిళ్ల ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని ఆ తల్లి వాకిట్లోకి వచ్చేవాళ్లు. మాటా పలుకూ లేకుండా ఊడ్చి, నీళ్లు తెచ్చిపెట్టి పోయేవాళ్లు. వాళ్లలోనూ బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒకరోజు అక్క కూడా చీపురు తీసుకుని వాళ్లతో వెళ్లింది. ఊడుస్తూ ఊడుస్తూ ఉండగా, ఆగిపోయిన ప్రార్థన తిరిగి వచ్చిందట.

"అప్పటిదాకా విశ్వాసం పాటల్లో ఉందనుకున్నా. అక్కడ చీపుర్లో కనపడింది" అని చెప్పింది.

అప్పటి నుంచి ఆమె ప్రార్థన పొట్టిదైపోయింది. నాకు గోడ ఇవతలికి వినపడేది: "ప్రభువా, ఈ పూట నీ పని ఏందో చూపించు." అంతే. నా సహస్రనామం సగం కాకముందే ఆమె లేచి పొయ్యి వెలిగించేది. ఇంత చిన్న ప్రార్థనకు దేవుడు పలుకుతాడా అని ఎగతాళి చేసేదాన్ని కూడా.

పలికాడనే చెప్పాలి. మా సందు చివర ఉండే కోటయ్య లారీ డ్రైవరు. బట్టీ పనికి పోయే అతని భార్య లక్ష్మి జబ్బు చేసి చనిపోయింది. కూతురు మల్లి అప్పటికి చిన్నిలాగే పసిది. కోటయ్య సున్నం లోడుతో ఎక్కడెక్కడికో పోయేవాడు, వచ్చినప్పుడు తాగి పడిపోయేవాడు. ఏ అరుగు మీద అన్నం పెడితే ఆ అరుగు మీద తినేది పిల్ల. చివరికి పెద్దమనుషులు కూర్చుని, దూరంగా ఏదైనా ఆశ్రమంలో వేద్దామని తేల్చారు. వాళ్లలో మా బావగారు కూడా ఉన్నారు. అక్క అంతా విని లేచి నిలబడింది.

"మనమంతా బతికే ఉన్నాం గదా అన్నా?" అంది.

మా బావగారు కండువా దులుపుకుని లేచిపోయారు. కోటయ్యను ఒప్పించి, ఆఫీసు వాళ్లకు తెలియజేసి, అక్క మల్లిని ఇంటికి తెచ్చుకుంది.

తనను అమ్మా అని పిలవనివ్వలేదు. "మీ అమ్మ లక్ష్మి. నేను పెద్దమ్మను" అని మొదటిరోజే చెప్పింది. అన్నం ముందు ప్రార్థనలో లక్ష్మి పేరు తప్పకుండా వచ్చేది. మలావి ముసలామె ఇంట్లో కూడా ప్రతి బిడ్డా ముద్ద ఎత్తేముందు కన్నతల్లి పేరు చెప్పేదట. లక్ష్మి బతికుండగా కూతురి తలనీలాలు కోటప్పకొండ మీద ఇస్తానని మొక్కుకుంది. ఆ సంగతి తెలిసి అక్క కోటయ్యకు కబురు పెట్టి, పిల్లను కొండకు తీసుకెళ్లమంది. చర్చి పెద్ద ఒకాయన ఇంటికొచ్చి కోప్పడ్డాడు.

"అది వాళ్లమ్మ మాట అయ్యా. బిడ్డను పెంచటానికి తెచ్చుకున్నా, వాళ్లమ్మ మాట చెరపటానికి కాదు" అంది అక్క.

మావైపు వాళ్లేమో, పిల్లను మతంలో కలుపుకోవడానికే ఇదంతా అని గుసగుసలాడుతున్నారు అప్పటికే. గుండుకు గంధం రాసుకుని మల్లి ఆ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంది. ఇరుపక్షాల నోళ్లూ ఒకేసారి మూతపడ్డాయి. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మల్లి జుట్టు మళ్లీ నడుము దాకా పెరిగాక, కోటయ్య తిరిగొచ్చాడు. తాగుడు మానేశాడు. దూరపు లోడ్లు వదిలి, సాయంత్రానికి ఇల్లు చేరేలా ఊళ్లోనే క్వారీ టిప్పరు తోలుతున్నాడు. కూతుర్ని ఇవ్వమని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇవ్వమాక అక్కా! మళ్లీ తాగితే పిల్ల గతేంగాను?" అని అతని ముందే అరిచాను.

అక్క నన్ను ఆగమని చెయ్యి చూపించింది. "ఇస్తా నాయనా. ముందు దీనికి జడెయ్యటం నేర్చుకో" అంది.

వేళాకోళమనుకున్నాడు కోటయ్య. కాదు. రోజూ బడివేళకు ముందు చేతులు కడుక్కుని అక్క అరుగు మీదికి రావాలి. స్టీరింగు పట్టిన వేళ్లు జుట్టు లాగితే మల్లి కెవ్వుమనేది. సందులో జనమంతా పనులు మానుకుని చూసి నవ్వేవాళ్లం. అక్క మాత్రం పక్కనే కూర్చుని ఓపిగ్గా చెప్పేది.

"ముందు చివర్ల చిక్కు తియ్యి. అక్కణ్ణించి మెల్లగా కుదుళ్లకు రా. పైనుంచి లాగితే బిడ్డ నీకు దూరం జరిగిద్ది."

అతను వెళ్లాక, ఇన్ని ఉండగా జడే ఎందుకని అడిగాను. "రాత్రి తాగినోడి చేతులు పొద్దున వణుకుతాయే. చిక్కు తియ్యలేడు. పైగా జడేసినంతసేపూ బిడ్డ కదలకుండా కూర్చుని కబుర్లు చెప్పిద్ది. వాళ్ల మధ్య చానా చిక్కు ఉంది" అంది. ఆమె తెలివికి నేను ఆరోజు దణ్ణం పెట్టాను.

నెలలు గడిచాక ఒక పొద్దున మల్లి, నాన్న వేసిన రెండు జడలతో, తన బట్టల సంచితో వెళ్లిపోయింది. గడప దాటేదాకా అక్క నవ్వుతూనే ఉంది. తర్వాత మా ఇంటికి వచ్చి, మజ్జిగ ఇవ్వమని అడిగి, గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఏడవొచ్చు గదా అక్కా అన్నాను. అప్పుడు ఏడ్చింది, పొట్ట పట్టుకుని ఏడ్చింది.

"ఇవ్వటానికే పెంచానే. ఏడవకుండా ఇవ్వాలని బైబిల్లో ఎక్కడా లేదు" అంది, ముక్కు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఇంకొందరు పిల్లలు వచ్చారు, వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ నా దగ్గర మజ్జిగ గ్లాసు ఖర్చే. చిట్టచివర వచ్చింది చిన్ని. ఆ పిల్లను ఎవరికి అప్పగించాలో చూడకముందే అక్క వెళ్లిపోయింది.

మొన్న చర్చివాళ్లు ఆమె ఇంటి ముందు ఆదరణ కూడిక పెట్టారు, అంటే పోయినవాళ్లను తలుచుకుని పాటలు పాడి ప్రార్థన చేస్తారు. మాచవరంలో కాపురం ఉంటున్న మల్లి, భర్తనూ నాన్ననూ వెంటబెట్టుకుని వచ్చింది. కోటయ్య జుట్టంతా నెరిసింది, కూతురి దగ్గరే ఉంటున్నాడు. చిన్నిని తాము పెంచుతామని మల్లి అంతకుముందే ఆఫీసులో అడిగిందట. ఆఫీసు నుంచి ఒకామె కూడా వచ్చింది. "మీ ఇల్లు చూశాం, బాగానే ఉంది. కానీ పాప మీ దగ్గరికి రావాలి గదమ్మా" అంది ఆమె.

ఆ మాటే నాకు భయం. అక్క పోయిన పొద్దుటి నుంచి చిన్ని తన జుట్టు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను దువ్వబోతే దువ్వెన లాక్కుని మంచం కిందికి దూరేది. జుట్టంతా సున్నపు దుమ్ముతో అట్టలు కట్టింది. మల్లి చెయ్యి చాపినా దొరకలేదు. అరుగు చివరికి పోయి, దువ్వెన గుండెకు హత్తుకుని కూర్చుంది.

పాటలు అయిపోయాక కోటయ్య లేచి, పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, పిల్లకు కాస్త దూరంలో కూర్చున్నాడు. అది అక్క అతన్ని కూర్చోబెట్టిన చోటే.

"నువ్వెవరు?" అంది చిన్ని.

"మీ పెద్దమ్మ దగ్గర జడ నేర్చుకున్నోణ్ణి తల్లీ."

"అబద్ధం. మొగోళ్లకు జడ రాదు."

"రాకపోతే నీ దువ్వెన నువ్వు తీసేసుకో."

చిన్ని చాలాసేపు అతని చేతుల వంక చూసింది. తర్వాత దువ్వెన ఇచ్చి, జరిగి, వీపు తిప్పి కూర్చుంది. కోటయ్య ముందు చివర్లు పట్టుకున్నాడు. ఒక్కొక్క పాయే విడదీస్తూ మెల్లగా పైకి వచ్చాడు. పిల్ల ఒక్కసారి కూడా అరవలేదు. కాసేపటికి ఏదో చెప్పడం మొదలుపెట్టింది, అతను ఊకొడుతున్నాడు. ఆఫీసామె గుమ్మంలో నిలబడి చూస్తోంది. మల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రిబ్బను కట్టాక చిన్ని రెండు జడలూ ముందుకు వేసుకుని కొలిచి చూసుకుంది. ఒకటి కొంచెం వంకరపోయింది.

"పెద్దమ్మయితే ఒప్పుకోదు. మళ్లీ ఎయ్యి" అంది.

కోటయ్య కళ్లు తుడుచుకుని, రిబ్బను విప్పి, మళ్లీ చివర్ల నుంచి మొదలుపెట్టాడు.