అన్నం వార్తయిపోయిన బోర్డు

చియాంగ్‌మయ్ పెద్ద బజారు వెనక సందులో ఉథై బోర్డుల కొట్టు ఉండేది. పదకొండేళ్లుగా అక్కడ అక్షరాలు రాసేది నాంగ్ సెంగ్. షాన్ కొండల నుంచి సరిహద్దు దాటి వచ్చిన మనిషి. థాయ్ గడగడా మాట్లాడేది. చదవడం మాత్రం రాదు. కాగితం మీద ఏముంటే అది ముగ్గు దించినట్టు దించేసేది. ఆ సంగతి ఉథైకి తప్ప ఎవరికీ తెలీదు.

ఒకరోజు కోడి అన్నం అమ్మే బువాలై వగరుస్తూ వచ్చింది.

“ఏమ్మా సెంగ్, నా కొట్టుని పత్రికాఫీసు చేశావేంటి? వచ్చిన ప్రతివాడూ ‘పిన్నీ, ఇవాళ వార్తలు ఉడికాయా?’ అంటున్నాడు!”

ఉథై వెళ్లి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. బువాలై రాసిచ్చిన కాగితం మీద నూనె మరక పడి అక్షరం నెత్తిన ఉన్న కొక్కెం సగం చెరిగిపోయింది. సెంగ్ అక్కడ నిలువు గీత పెట్టింది.

“కొక్కెం పెడితే అన్నం. గీత పెడితే వార్త. ఏమీ పెట్టకపోతే తెలుపు,” అన్నాడు.

సెంగ్ బోర్డు సరిచేసింది కానీ ఆ మాట ఆమెని వదల్లేదు. అన్నం, వార్త, తెలుపు... మూడూ ఒకే మాట, పలికే రాగమే వేరు. గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో తనకి తెలుసు. షాన్ మాటలోనూ అంతేగా! మరి ఆ రాగం అంత చిన్న గీతలోకి ఎలా దూరింది?

ముందు దొరల పిల్లలకి థాయ్ నేర్పే బడికి వెళ్లింది. వాళ్ల పుస్తకంలో థాయ్ మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

“అంటే ముందు ఆ రాత నేర్చుకుని, అప్పుడు ఈ రాతలోకి రావాలా?” అని అడిగి లేచి వచ్చేసింది.

తర్వాత క్యాసెట్లు కొంది. ఎవరో బ్యాంకాక్ ఆవిడ ‘మరుగుదొడ్డి ఎక్కడ?’ అని తీయగా అడిగింది. “నాకు తెలుసమ్మా తల్లీ,” అని టేపు ఆపేసింది. ఒకటో తరగతి వాచకం తెచ్చుకుంటే అక్షరాలు, బొమ్మలు బాగానే ఉన్నాయి కానీ ఆ రాగం గుర్తుల పాఠం ఎక్కడో చివర్లో ఉంది. అంతవరకూ ఎవరు ఆగుతారు?

చివరికి బువాలైయే చెప్పింది, గుడిలో కన్నికా టీచరు పెద్దవాళ్లకి చదువు చెబుతుందని. ఆదివారం సెంగ్ వాచకం చంకన పెట్టుకుని వెళ్లి, తన గొడవంతా చెప్పుకుంది.

“ఇది ఏడేళ్ల పిల్లల పుస్తకం. నీ చేతికి అక్షరాలన్నీ వచ్చు, నోటికి మాటలన్నీ వచ్చు. ఆ రెంటికీ పరిచయం చెయ్యాలంతే,” అంది టీచరు. “నువ్వు రాసిన బోర్డుల చిత్తు కాగితాలున్నాయా?”

సెంగ్ ఓ సంచీ నిండా తెచ్చింది. వారం వారం టీచరు వాటినే చదివించింది. చెప్పుల కొట్టు, పళ్ల డాక్టరు, మామిడిపళ్ల బండి... తను గీసినవే ఒక్కొక్కటీ నోరు తెరిచి మాట్లాడుతుంటే ఒళ్లు పులకరించింది. ఒకే కొక్కెం ఒక అక్షరం మీద గొంతుని దించుతోంది, ఇంకోదాని మీద లేపుతోంది.

“ఇదేం చోద్యం టీచర్?”

“గుర్తొక్కటే చూస్తే చాలదు, అది ఎవరి నెత్తిన కూర్చుందో చూడు. అక్షరాల్లో మూడు వర్గాలున్నాయి.”

ఒక కాగితం దగ్గర టీచరు ఆగిపోయింది. “ఇది మా గుడి బోర్డు కదూ? నువ్వే చదువు.”

సెంగ్ వేలు పెట్టి కూడబలుక్కుంది. ‘పెద్దలకి... చదవడం... రాయడం. ప్రతి ఆదివారం. ఎవరైనా రావచ్చు.’ నాలుగేళ్ల కిందట రాసింది. రోజూ దాని కిందనుంచే పనికి వెళ్లింది. నవ్వాలో ఏడవాలో తెలియక, “అక్షరాలు మాత్రం కుదిరాయి కదా,” అంది.

చదువు వచ్చాక కొన్నాళ్లు చెయ్యి మొరాయించింది. కుంచె పట్టగానే మాట అడ్డొచ్చేది, అక్షరం బొమ్మలా కనిపించేది కాదు. “నిన్ను చదువుకోనిచ్చి నా కొట్టు ముంచుకున్నాను,” అని ఉథై గొణిగాడు. నెలా రెండు నెలల్లో చెయ్యి మళ్లీ దారికొచ్చింది.

కానీ ఊళ్లో జనాన్ని తిప్పే ఎర్ర బండెక్కితే మాత్రం ఇప్పటికీ దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ, దిగాల్సిన చోటు దాటిపోతుంటుంది.