రేకు డబ్బాలో బస్సులు

నాకు రాయడం రాదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ ఐదు కూడా సగం బుద్ధి ఆటల మీద పెట్టి చదివినవే. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం ఇవ్వాలో తెలియక ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. ఇంతవరకు నేను రాసినవి కిరాణా చీటీలు, మా పాప బడికి సెలవు చీటీలు, అంతే. చదువుకున్నవాళ్లు చదివే చోట నా రాత పెట్టాలంటే సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. అయినా ఒక సంగతి రాయకపోతే నాకు తిన్నది ఒంటబట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

తార్నాక చౌరస్తా దగ్గర మెట్రో కింద బస్సు స్టాపులో నిలబడితే ముందు తగిలేది వాసన. గోడకు పోసిన ఉచ్చ వాసన, గుట్కా ఉమ్ముల వాసన, గుంతల్లో పొద్దున పోస్తే సాయంత్రానికి లేచిపోయే తారు వాసన, మూడూ ఎండకు ఉడికి ఒక్కటై గొంతులో కూర్చుంటాయి. స్టాపు మాత్రం కొత్తదే. ఇనుప కుర్చీలు, ఎవరి నిధులతో కట్టారో చెప్పే రాతిపలక, పైన లైట్ల బోర్డు. కుర్చీలు రెండు విరిగాయి, బస్సు నంబర్లు ఉండాల్సిన చోట నగల దుకాణం బొమ్మ ఉంది. ఆ వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నప్పుడల్లా నాకు ఇదే జాగాలో మా నాయనమ్మ గంప దగ్గర వచ్చే వాసన గుర్తొస్తుంది.

అప్పుడు ఇక్కడ ఒక వేపచెట్టు ఉండేది. దాని కింద గోనెపట్టా పరుచుకుని నాయనమ్మ పొద్దంతా కూర్చుని అమ్మేది. వానాకాలం మక్కకంకులు, బొగ్గుల మీద అవి చిటపటమంటుంటే నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇచ్చేది, ఆ ఘాటుకు స్టాపులో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి తుమ్మేవాళ్లు. చలికాలం సీతాఫలాలు, రేగుపండ్లు, ఉడకబెట్టిన పల్లికాయ. ఎండాకాలం ముంజలు, తడిగుడ్డ కప్పిన జామకాయలు. నాయనమ్మ కాళ్లకు వెండి కడియాలు, నోట్లో ఎప్పుడూ వక్క, ఎవరు పలకరించినా ముందు కసురుకుని తర్వాత ఒక కాయ ఎక్కువ వేసేది. బడి వదలగానే నేను ఆ పట్టా మీదికి వచ్చి పడేదాన్ని.

బతుకమ్మ పండుగకు పూల కోసం నన్ను యూనివర్సిటీ లోపలికి తీసుకుపోయేది. క్యాంపస్ అంటే చదువుకునే జాగా అని నాకు తెలియదు, పూలు దొరికే అడవి అనుకునేదాన్ని. నల్ల బండల మధ్య తంగేడు పసుపుగా విరగబూసి ఉండేది, గునుగు నా మోకాళ్ల దాకా తెల్లగా ఊగేది, ఎక్కడో నెమలి అరిస్తే నేను నాయనమ్మ కొంగు పట్టుకునేదాన్ని. సంచులు నింపుకుని వస్తుంటే చెట్ల కింద చదువుకుంటున్న అన్నలు, "పెద్దమ్మా, మా హాస్టల్‌కు గూడ సద్దులు పంపియ్యి!" అని అరిచేవాళ్లు. నాయనమ్మ ఊరుకునేదా! "ముందు మీ అమ్మలకు ఉత్తరం రాయుండ్రి. ఎన్నడన్న రాసిన మొకాలేనా?" అని తగిలించేది. పండుగ నాడు మాత్రం నువ్వుల సద్ది, పెరుగు సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు మోదుగాకుల్లో కట్టి వాళ్లకు ఇచ్చి వచ్చేది.

ఎండాకాలం వచ్చిందంటే మా బస్తీ అంతా చింతపండు పులుపు. షావుకారు మూటలు దింపిపోయేవాడు, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని చిన్న సుత్తెలతో కొట్టి గింజలు తీసేవాళ్లు. పండు షావుకారుకు, గింజలు మాకు. కొన్ని వేయించి నానబెట్టి నమిలేవాళ్లం, కొన్నిటితో వామనగుంటలు ఆడేవాళ్లం, మిగిలినవి మంచం కింద గోనెసంచిలో ఉండేవి.

మా నాన్న నేను పాకే వయసులోనే పోయాడు. అమ్మ క్యాంపస్ చివర ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేసేది. ఒకరోజు సాంబారు గుండిగ ఒరిగి అమ్మ కుడి పాదం కాలింది. పుండు మానింది కానీ పాదం ముడుచుకుపోయింది, ఎక్కువ దూరం నడవలేకపోయేది. మెస్సు నడిపే ఆయన ఒకటే మాట చెప్పాడు, టైముకు రాకపోతే రానే రావొద్దని. అంటే అమ్మకు బస్సు ఉంటేనే పని, పని ఉంటేనే మాకు అన్నం, నాకు బడి.

ఆ బస్సు మల్కాజ్‌గిరిలో బయలుదేరి తార్నాక మీదుగా క్యాంపస్ చివరిదాకా పోయేది. సర్కారు డబ్బు తీసుకుని ఒక కాంట్రాక్టరు నడిపేవాడు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నాయనమ్మ దానికి ఒక పేరు పెట్టింది. "గీ బస్సు కొత్తల్లుని లెక్క ఉన్నది. పిలిస్తె రాదు, వస్తె ఆగదు" అనేది. అందరూ నవ్వేవాళ్లు, అమ్మ మాత్రం రోడ్డు వైపు చూస్తూ కాలు మార్చి కాలు మీద నిలబడేది.

రామ్మూర్తి గారని గుంటూరు వైపు పెద్దాయన, యూనివర్సిటీ లైబ్రరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. రోజూ నాయనమ్మ దగ్గర జామకాయ కొని అక్కడే నిలబడి తినేవారు. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ బస్సు కాంట్రాక్టు కాగితం నకలు తెచ్చారు. "చూడమ్మా, దీని ప్రకారం రోజుకి పది ట్రిప్పులు తిరగాలి. ఐదు తిప్పి పదికీ డబ్బు తీసుకుంటున్నారు. అదంతా మనం పన్నులు కట్టిందే. పొద్దస్తమానం ఇక్కడ కూర్చునేది మీరు, మీరే లెక్కపెట్టాలి" అన్నారు.

"నాకు ఇరవై దాంకనే వస్తది సారూ. అటెంక లెక్క గాయిగాయి అయితది" అంది నాయనమ్మ.

అప్పుడు ఆయనే ఉపాయం చెప్పారు. మూతకు సన్నగా చీలిక పెట్టిన ఒక పెద్ద రేకు డబ్బా తెచ్చి, మూత చుట్టూ లక్క కరిగించి పోశారు. బస్సు ఒకసారి వస్తే ఒక చింతగింజ అందులో వెయ్యాలి. నెల తర్వాత తార్నాకలో జనం ముందు మీటింగు ఉంది, అధికారి వస్తాడు, డబ్బా అక్కడే తెరిచి లెక్కపెట్టాలి, అప్పుడు మనమే రాసుకున్నామని ఎవరూ అనలేరు. పోతూ పోతూ డబ్బా మీద తట్టి, "ఈ డబ్బానేనమ్మా, మనకి బస్సు తెచ్చిపెట్టేది" అన్నారు.

ఆ మాట నేను విన్నాను.

నాయనమ్మ ఆ నెల రోజులు ఆ డబ్బాను చంటిపిల్లలా చూసుకుంది. పొద్దున అమ్మతో పాటే స్టాపుకు పోయేది, ఆఖరి బస్సు దాకా లేచేది కాదు. నీళ్లు తాగితే మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువ తాగేది. ఇంటికి రాగానే డబ్బాను దేవుని గూట్లో పెట్టి దండం పెట్టేది. గూట్లో దేవుడి పక్కన, మూతకు చీలికతో ఉన్న డబ్బా నాకు గుడిలో హుండీలాగే కనపడింది. హుండీలో ఎంత ఎక్కువ వేస్తే అంత ఇస్తాడని కదా అంటారు. అందుకని నాయనమ్మ వాకిట్లో కాళ్లు కడుక్కునే లోపల నేను మంచం కిందికి దూరి, సంచిలోంచి నాలుగైదు గింజలు తీసి, ఒక్కొక్కటే చీలికలోంచి జార్చేదాన్ని. అమ్మ కుంటుతూ ఆలస్యంగా వచ్చిన రోజు దానికి రెట్టింపు. చప్పుడు కాకుండా డబ్బాను ఒరగబెట్టి మరీ వేసేదాన్ని. మా అమ్మకు బస్సు రావాలి స్వామీ అని ప్రతి గింజకూ మొక్కుకున్నాను.

తక్కువ గింజలు ఉంటేనే మనం గెలుస్తామని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని వాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

మీటింగు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నాయనమ్మ పండుగ చీర కట్టుకుని డబ్బాను నెత్తిన పెట్టుకుని వచ్చింది. కాలు నొప్పి ఉన్నా అమ్మ కూడా వచ్చింది. ముందు వరుసలో అధికారి, పక్కన కాంట్రాక్టరు మనిషి. సమోసాలు, టీలు కాంట్రాక్టరువే. అధికారి సమోసా తిని నూనె చేతులను తుడుచుకున్నది మా బస్తీ వాళ్లు ఇచ్చిన అర్జీ కాగితానికే. నేను కళ్లారా చూశాను. కాంట్రాక్టరు మనిషి కిటికీలోంచి గుట్కా ఉమ్మి, అదే చేత్తో నాకు ఒక సమోసా ఇచ్చాడు. నేను తీసుకున్నాను.

కాంట్రాక్టరు పుస్తకంలో నెలకు మూడు వందల ట్రిప్పులు, ఒక్కటీ తగ్గకుండా రాసి ఉన్నాయి. రామ్మూర్తి గారు నవ్వుతూ లక్క పగలగొట్టి, పేపరు మీద గింజలు పోసి పది పది కుప్పలు పెట్టడం మొదలుపెట్టారు. నూట యాభై దాటేదాకా ఆయన చెయ్యి చకచకా ఆడింది. రెండు వందలు దాటాక మెల్లబడింది. మూడు వందలు దాటాక ఆయన తలెత్తి నాయనమ్మ మొహం చూశారు. మొత్తం మూడు వందల పదహారు.

ముందు నవ్వింది కాంట్రాక్టరు మనిషి. "అరె ముసలమ్మా, మేము మూడు నూర్లే తిప్పినం అంటున్నం, నువ్వు ఇంక పదహారు ఎక్కువ తిప్పినం అంటున్నవ్! గా పదహారుకు గుడ బిల్లు ఇప్పియ్యరాదు!" హాలంతా పగలబడి నవ్వింది. మా బస్తీ వాళ్లు, రోజూ మాతో పాటు ఎండలో బస్సు కోసం నిలబడేవాళ్లు, వాళ్లు కూడా నవ్వారు. అది ఇప్పటికీ నాకు రోత.

నాయనమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఒక్క బస్సుకు ఒక్క గింజనే ఏసిన సారూ. నేను లెక్క తప్పలే. నా మన్మరాలి మీద ఒట్టు" అంది.

నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. చేతిలో సమోసా ఉంది, అది తిన్నాను.

అధికారి ఒక కాగితం రాయించాడు. పూర్తి ట్రిప్పులు తిరిగినట్టు ప్రజలే లెక్కపెట్టి ఒప్పుకున్నారని. దాని కింద నాయనమ్మ వేలిముద్ర వేయించుకున్నారు. అదేమిటో ఆమెకు చదివి వినిపించలేదు. రామ్మూర్తి గారు అడ్డం పోతే, "మీ లెక్కే కదండీ!" అన్నాడు అధికారి. నాయనమ్మ బొటనవేలి సిరా గోడకు తుడవబోతే, "ఏయ్, గోడ ఖరాబు చెయ్యకు" అని కసిరాడు. ఆ పదహారు ట్రిప్పులకు కూడా ఆ కాంట్రాక్టరు బిల్లు పెట్టుకున్నాడని రామ్మూర్తి గారు తర్వాత చెప్పారు. సాక్ష్యం మా నాయనమ్మ వేలు.

పై నెల బస్సు రోజుకు రెండు సార్లకు దిగింది, తర్వాత అసలే ఆగింది. అమ్మ నాలుగు రోజులు నడిచి పోయింది, నాలుగు రోజులూ ఆలస్యమే. ఐదో రోజు మెస్సు గేటు దగ్గరి నుంచే పంపేశారు. నేను ఐదో తరగతి అయ్యాక అమ్మతో పాటు హబ్సిగూడలో ఇళ్లల్లో అంట్లు తోమడానికి పోయాను. రామ్మూర్తి గారు ఒకసారి వచ్చి, "మీ తప్పేం లేదమ్మా, పెద్దవారు, కునికిపాటులో ఒక బస్సుకి రెండు గింజలు వేసి ఉంటారు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. ఆ మాట నాయనమ్మను వాళ్ల నవ్వు కంటే ఎక్కువ పొడిచింది.

ఆ తర్వాత నాయనమ్మ తనకు తానే పరీక్ష పెట్టుకోవడం మొదలుపెట్టింది. స్టాపు మీంచి పోయే ఏదో ఒక బస్సును ఎంచుకుని, అది వచ్చినప్పుడల్లా బొగ్గుతో గోడ మీద గీత గీసేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు గుడ సూడు బిడ్డా, నేనేడ తప్పుతున్ననో జెప్పు" అనేది. నేను చూశాను, రోజుల తరబడి చూశాను. ఒక్క గీత కూడా తప్పలేదు. "సరిగ్గనే ఉన్నది నాయనమ్మా" అంటే, "మరి గా డబ్బల ఎట్ల తప్పిన్నే?" అని నా మొహంలోకి చూసేది. నేను గోడ వైపు చూసేదాన్ని. అట్లా రెండేళ్లు అడిగి అడిగి, ఆమె పోయింది. జవాబు ఆమె పక్కనే కూర్చుని ఉండింది.

ఇప్పుడు వేపచెట్టు లేదు, దాని జాగాలో మెట్రో మెట్లు ఉన్నాయి. క్యాంపస్‌లో మేము పూలు కోసిన బండల మీద గోడలు లేచాయి, తంగేడు కోసం వారాసిగూడ బజారులో కట్టలు కొంటున్నాం. పోయిన నెల బస్తీలో మళ్లీ ఒక మీటింగు జరిగింది. కొత్త బస్సులు, కొత్త కాంట్రాక్టరు, మళ్లీ రాని ట్రిప్పులు. బస్సులన్నీ సరిగ్గా తిరుగుతున్నాయని ప్రజల కమిటీ పేరుతో ఒక కాగితం తిప్పారు, సంతకాల దగ్గర పేర్లు ముందే రాసి ఉన్నాయి, మేము వేలు పెడితే చాలట. నాకు ఒళ్లు మండి లేచి, మన బస్సులు మనమే లెక్కపెట్టుకుందాం అన్నాను. వెనక నుంచి ఒక పిల్లగాడు, నాయనమ్మ పోయాక పుట్టినవాడు, "ఏంది అక్కా, ముసలమ్మ గింజల లెక్కనా?" అన్నాడు. అందరూ నవ్వారు. దొంగ లెక్కకు మా బస్తీలో ఇప్పటికీ అదే పేరు, ఆ ముసలమ్మ ఎవరో తెలియనివాళ్లు కూడా అదే అంటారు. ఆ రోజు కూడా నేను కూర్చుండిపోయాను.

ఇంటికి వచ్చి మా పాప నోటుబుక్కు తీసుకున్నాను. చెప్పాల్సింది ఇది. మా నాయనమ్మ కునికిపాటు పడలేదు. వచ్చిన ప్రతి బస్సుకూ ఒక గింజ వేసింది, రానిదానికి వెయ్యలేదు. ఎక్కువ గింజలు వేసింది నేను. ఆ మాట వాడేవాళ్లు ఇక మీద నా పేరు పెట్టి వాడండి. వచ్చే మీటింగులో ఈ కాగితం నేనే లేచి చదువుతాను. చదివేటప్పుడు నత్తి వస్తుందేమో. మీరు చదివేటప్పుడు కూడా తప్పులు చాలా తగులుతాయి, చదువు లేనిదాని రాత అనుకుని మన్నించి, విషయం మాత్రం వదలకండి.