చెయ్యి ఎవరి మాట వినాలి

ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో గుడ్డ కత్తిరించాలంటే మాస్టరమ్మే. చేయి తిరిగిన మనిషి. కోపం ముక్కుమీదే ఉంటుంది, దాన్ని దాచుకోవాలని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. సుద్దతో గీత గీశాక, కత్తెర తెరిచి గుడ్డ అంచున పెట్టి ఒక్క క్షణం ఆగడం ఆవిడ అలవాటు. ఆ క్షణంలో, ఆ బట్ట వేసుకోబోయే మనిషి భుజం వంపూ నడకా కళ్ళముందు తెచ్చుకుంటుంది. పదింట మూడుసార్లు గీత చెరిపి పక్కన ఇంకోటి గీస్తుంది. కత్తిరించేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, ఇలా ఆగేవాళ్ళే అరుదు.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచేతి వేళ్ళు చచ్చుబడ్డాయి. ఆసుపత్రివాళ్ళు తలకో పట్టీ, చేతికో తొడుగు ఇచ్చారు. వేళ్ళు ముడవాలని ఆవిడ అనుకుంటే పట్టీ పసిగడుతుంది, తొడుగు ముడుస్తుంది. రెంటికీ మధ్య ఒక కృత్రిమ మేధ ఉంది. ఆవిడ ఏం చేయబోతోందో అది ముందే ఊహించి, సగంలో ఆగిన పనిని తనే పూర్తి చేస్తుంది. గ్లాసు చేజారడం మానేసింది. బొత్తాలు ఆవిడే పెట్టుకోసాగింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మొదటి వారం మాస్టరమ్మ కూడా దాన్ని తెగ మెచ్చుకుంది.

రెండో వారం కొట్టు తెరిచింది. మొదటి బేరం అదే వీధిలో ఉండే నర్సమ్మది, వాళ్ళమ్మ దాచిపెట్టిన నీలం సిల్కు. మాస్టరమ్మ గీత గీసి, కత్తెర తెరిచి, ఎప్పటిలాగే ఆగింది. భుజం దగ్గర ఇంకో అంగుళం వదిలితే బాగుంటుందేమో అనిపించింది. అంతలోనే వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఎడమచేత్తో కుడిచేతిని పట్టి ఆపేసరికి సిల్కు జానెడు తెగిపోయింది.

నర్సమ్మ గుడ్డ మడిచి పట్టుకుపోయింది. తిట్టి ఉంటే నయంగా ఉండేది. అక్కడెందుకు కత్తిరించారని అడిగితే చెప్పడానికి మాస్టరమ్మ దగ్గర జవాబే లేదు. ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కబురందుకుని ఆసుపత్రి నుంచి ఇంజనీరమ్మ వచ్చింది.

"మీరు ఆగితే, మీకు చేతకావట్లేదని అనుకుంటుందండీ అది. అందుకే సాయం చేసింది."

"నేనడిగానా?"

ఇంజనీరమ్మ తొడుగు తిప్పి చూసింది. "సాయం తీసేస్తే పట్టు తప్పుతుందండీ. వస్తువులు జారిపోతాయి."

"జారనీ."

"పంతానికి పోకమ్మా," అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు. "వేడినీళ్ళు మీద పోసుకుంటావు."

"వేడినీళ్ళ దగ్గర సాయం ఉండనీ, నేనే పెట్టుకుంటా. కత్తెర పట్టినప్పుడు మాత్రం నేను ఆగితే అదీ ఆగాలి. సాయం పెట్టే, తీసే మీట నా ఎడమచేతి కింద ఉండాలి, మీ ఆఫీసులో కాదు."

"మావాళ్ళని అడగాలండీ."

"అడిగి రండి. అందాకా ఇది నాకొద్దు." పట్టీ తీసి బల్లమీద పెట్టింది.

తొమ్మిది రోజులు కూతురే జడ వేసింది, బొత్తాలు పెట్టింది, మొండిఘటమని విసుక్కుంది. మొండిదే మరి. తన చేతిమీద ఇంకొకరి పెత్తనం సాగుతుంటే మెత్తగా ఉండటం ఎవరితరం? ఆ తొమ్మిది రోజులూ కొట్టు ముయ్యలేదు. బేరాలకొచ్చినవాళ్ళకు విషయం ఉన్నదున్నట్టు చెప్పి పంపింది.

పదోనాడు మీట వచ్చింది. నొక్కితే సాయం, మళ్ళీ నొక్కితే లేదు, ఆవిడ అనుకున్నంతవరకే తొడుగు ముడుస్తుంది. ఆవిడ సాయం తీసేసి పాత దుప్పట్లమీద సాధన మొదలుపెట్టింది. కత్తెర చేజారింది, తీసింది. మళ్ళీ జారింది, మళ్ళీ తీసింది. కూతురు చూడలేక లోపలికి వెళ్ళిపోయేది.

సాధన మొదలుపెట్టిన మూడో వారంలో కూతురి జాకెట్టు గుడ్డే బల్లమీద పరిచింది. గీత గీసింది, కత్తెర తెరిచింది, ఆగింది. చెయ్యి కూడా ఆగింది. ఆవిడ తీరిగ్గా ఆలోచించుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. భుజం బాగానే వచ్చింది. మెడ దగ్గర కత్తెర పక్కకు పోయి, వేలెడు లోపలికి తెగింది.

కూతురు మీటవైపు చెయ్యి చాచింది. "సాయం పెట్టనా అమ్మా?"

మాస్టరమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, తెగినచోట వేలు పెట్టి చూసింది.

"వద్దు. మెడ వంపు దగ్గర తొందరపడ్డా. ఇది నేను చేసిన తప్పు, ఎలా సరిచేయాలో నాకు తెలుసు."