తాళం పడిన మూడున్నరేళ్లు

మా బావ బస్సు ప్రమాదంలో పోయిన రెండేళ్లకు నష్టపరిహారం చేతికొచ్చింది. ఆ డబ్బు అక్క ఖాతాలో పడిన వారానికే నారాయణపేటలో ఆమె ఇంటికి చుట్టాల రాకపోకలు మొదలయ్యాయి. బావ తమ్ముడు ట్రాక్టరు కొంటానన్నాడు. ఆడపడుచు ఇంటికి స్లాబు సగంలో ఆగిందన్నది. అందరూ అప్పుగానే అడిగారు. ఎవరూ తిరిగి ఇవ్వరని అక్కకు తెలుసు.

"ఉందంటె పైసలు పోతయ్, లేదంటె అబద్దమైతది. నాకు లేదని అననీకె నోరు రాదు చెల్లె. ఏదన్న ఉపాయం జెప్పు" అని ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది.

నేను అప్పటికి మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. పెళ్లి చేసుకోలేదు. అక్కకు పిల్లలు లేరు. మా అమ్మా నాయినా పోయాక ఆమెకు నేను, నాకు ఆమె. ఇద్దరిలో డిగ్రీ దాకా చదివింది నేనే కాబట్టి కాగితాల పని ఏదైనా నా మీదే పడేది. నాకు దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేది.

నా జీతం పడే బ్యాంకులో ఒక ఆఫీసరమ్మ ఉండేది. వాళ్లమ్మను నెలనెలా షుగర్ పరీక్షకు మా దగ్గరికే తెచ్చేది. ఆమెను అడిగితే ఒక రంగుల కాగితం ముందు పెట్టింది.

"ఇది వేరే దేశాల అప్పుల్లో పెట్టే ఫండ్ మేడమ్. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశాలుంటయి కదా, ఆ ప్రభుత్వాలు బాండ్లు రాసిచ్చి అప్పు తీసుకుంటయి. వడ్డీ మన ఫిక్సుడు డిపాజిట్ కన్నా బాగా ఎక్కువ. ప్రభుత్వాలు ఎక్కడికి పారిపోతయ్ చెప్పండి?"

"మధ్యల తీసుకోవచ్చా?"

"తీసుకోరాదు మేడమ్. అందరి దగ్గర ఒక్కసారి జమ చేసుకొని తలుపు మూసేస్తరు. మూడున్నరేండ్లకు గడువు నాడే తెరుస్తరు. మరీ అవసరమైతే షేర్ల బజార్ల అమ్ముకోవచ్చు, అదొక్కటే."

ఆ చివరి మాట నేను సరిగ్గా పట్టించుకోలేదు. తలుపు మూసేస్తారన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మాకు కావలసింది అదే. అక్క అబద్ధం చెప్పకుండా 'లేదు' అనగలిగే మార్గం దొరికిందనుకున్నాను.

అక్కకు చెప్పగానే పెద్ద బరువు దిగినట్టు నవ్వింది. మహబూబ్‌నగర్ వచ్చి, నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు చేసింది. ఊరికి పోయాక మరిదితో, "బ్యాంకోళ్లు తాళమేసిండ్రు, నా చేతుల ఏం లేదు" అన్నదట. అతను నమ్మలేదు. కాగితం చూపించాక నోరు మూసుకున్నాడు. ఆ చలికాలమంతా అక్క నిశ్చింతగా ఉంది. నేను చేసిన మంచి పనుల్లో అదొకటని నాకు అనిపించేది.

అక్క చీరలు నేస్తుంది. ఇంటికి నాలుగు సందుల అవతల ఒక రేకుల షెడ్డులో నాలుగు గుంట మగ్గాలు ఉండేవి. షెడ్డూ మగ్గాలూ ఒక ముసలాయనవి. అక్క వాటిని కిరాయికి తీసుకుని, ఒక దాని మీద తను నేసేది, మిగతా వాటి మీద తెలిసిన ఆడవాళ్లను కూర్చోబెట్టేది. ఫండ్‌లో డబ్బు పెట్టి ఏడాది దాటిందో లేదో, ఆ ముసలాయన ఒకరోజు షెడ్డుకు వచ్చి గడప మీద కూర్చున్నాడట.

"బిడ్డా, నాకు చాతనైతలేదు. షోలాపూర్ల బిడ్డ దగ్గరికి పోత. ఈ జాగా అమ్మాలె. పక్కన ఫంక్షన్ హాలాయన అడుగుతుండు. గుంటలు పూడ్చి బండ్లు పెట్టుకునే జాగా జేసుకుంటడంట. నాకైతె నీకే ఇయ్యాలని ఉన్నది. మూడు నెల్లు ఆగుత. అటెన్క నన్నేం అనొద్దు."

ముసలాయన చెప్పిన ధర దాదాపు అక్క ఫండ్‌లో పెట్టినంతే ఉంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"చెల్లె, తాళం తీపియ్యి."

ఎంత తేలిగ్గా అన్నదో! తాళం వేయించింది నేనే కాబట్టి తీయించడం నా చేతిలో పనే అని ఆమె నమ్మకం.

బ్యాంకులో ఆ ఆఫీసరమ్మ బదిలీ అయి పోయింది. ఆమె కుర్చీలో ఉన్నతను కాగితం తిరగేసి, గడువు తేదీ కింద గోటితో గీత గీసి నా వైపు జరిపాడు. అక్కడి నుంచి గడియారం చౌరస్తా దగ్గర షేర్లు కొని అమ్మిపెట్టే ఒకాయన ఆఫీసుకు వెళ్లాను. ఆయన కంప్యూటరులో మా ఫండ్ పేరు కొట్టి తెర నా వైపు తిప్పాడు. అమ్మేవాళ్ల వరుసలో అంకెలున్నాయి. కొనేవాళ్ల వైపు ఒకే ఒక్క అంకె ఉంది.

"మీ ఫండోళ్ల లెక్కల దీని విలువ యూనిట్‌కు పదకొండు రూపాయలు. ఈయన ఏడున్నరకు అడుగుతుండు. అదిగూడ కొన్నిటికే."

"పదకొండు విలువైనదాన్ని ఏడున్నరకెందుకియ్యాలె?"

"ఎందుకంటె మీరు బయటికొస్తె ఆయన లోపటికి పోవాలె గద అమ్మా. గడువు దాక ఆయన గూడ తీసుకోరాదు. దూరం దేశాల అప్పులాయె. లోపట కూసుండనీకె ఆయన అడిగే కిరాయి అది."

పదకొండేమో కాగితం మీదే ఉంది. ఏడున్నరకు అమ్మితే షెడ్డు రాదు. మంచి ధరకు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్ల కోసం చూస్తున్నానని మాత్రమే అక్కకు చెప్పాను. నా మీద ఆమెకున్న నమ్మకం పోతుందని భయమేసింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ల్యాబ్ మూసే వేళకు ఫోన్ వచ్చేది.

"ఎవలన్న వచ్చిండ్రా?"

"ఇంకా రాలే అక్కా."

అలా పది వారాలు గడిచాయి. ఫండ్ కాగితంలో పదకొండు దేశాల పేర్లున్నాయి. వాటిలో నాలుగు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. ల్యాబ్‌లో పేషెంట్ల కోసం పడేసిన పేపర్లలో నేను ఆ దేశాల వార్తలు వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడో ఎన్నికలు, ఎక్కడో పెట్రోలు ధర, ఎక్కడో మంత్రి రాజీనామా. ఎవరు గెలిస్తే నారాయణపేటలో మా అక్కకు మంచిదో నాకు అర్థమయ్యేది కాదు.

పదో ఆదివారం షెడ్డుకు వెళ్లాను. అక్క నడుము దాకా గుంటలో దిగి నేస్తోంది. ఆనపకాయ రంగు చీర, ఎర్ర అంచు. పక్క మగ్గాల మీద ఇద్దరు ఆడవాళ్లు చేతులు ఆపి నా ముఖం వైపు చూశారు. వాళ్ల కూలీ కూడా ఈ గుంటల్లోనే ఉంది. అక్క మాత్రం నాడె విసరడం ఆపలేదు.

"ఆయన పోయినంక ఇండ్ల మూలకు కూసున్న నన్ను బయటికి తెచ్చింది ఈ మగ్గమే" అన్నది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేసేదాన్నేమో.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి నా జీతం మీద అయిదేళ్ల అప్పుకు దరఖాస్తు పెట్టాను. కోస్గిలో ఒక గది తీసుకుని, సొంతంగా రక్తనమూనాలు సేకరించే చిన్న సెంటర్ పెట్టుకుందామని దాచుకున్న డబ్బు కొంత ఉంది. రెండూ కలిపి అక్క ఫండ్‌ను పూర్తి విలువకు నేనే కొన్నాను. బజారులో కొంటే తక్కువకు అమ్మే వేరేవాళ్లవి ముందు నా నెత్తిన పడతాయని షేర్లాయన చెప్పాడు. అందుకని ఆమె ఖాతా నుంచి నా ఖాతాకు నేరుగా మార్చే చీటీ రాసిచ్చాడు. కలం మూత పెడుతూ, "ఆలోచించుకున్నరా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

చీటీ తీసుకుని నారాయణపేట పోయాను.

"కొనేటాయన దొరికిండక్కా."

"ఎవలాయన?"

"హైదరాబాదాయన."

"మొత్తం కొంటడా? పూర్తి ధరకే?"

"మొత్తం."

అక్క నన్ను చాలాసేపు చూసింది. తర్వాత కలం అడిగి సంతకం చేసింది. ముసలాయన పెట్టిన గడువుకు నాలుగు రోజుల ముందు షెడ్డు ఆమె పేరున రిజిస్టరైంది.

ఆ తర్వాత తాళం లోపల ఉన్నది నేను. నెల మొదటి వారంలోనే జీతంలో సగం అప్పు కిస్తీకి పోయేది. మా ల్యాబ్ డాక్టరు నోటి దురుసు మనిషి. నేను పనిచేసే గదికి కిటికీ లేదు. ఫ్రిజ్ చప్పుడు, స్పిరిట్ వాసన, ట్యూబ్‌లైట్. ఆయన ఆదివారం సెలవు తీసేసిన రోజు నాతో పనిచేసే అమ్మాయి ఏప్రాన్ విప్పి బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. నేను ఆమె ట్యూబులకు కూడా లేబుళ్లు అంటించాను. కోస్గిలో నేను చూసుకున్న గదిలో ఎవరో మొబైల్ షాపు పెట్టారు. మాట పడ్డ ప్రతిసారీ ఇంకా ఎన్ని కిస్తీలున్నాయో మనసులో లెక్క వచ్చేది. నోరు దానంతటదే మూసుకునేది.

దాని కన్నా అక్క ముందు కూర్చుని అన్నం తినడం కష్టంగా ఉండేది. ఆమె కొత్త చీర చూపిస్తే బాగుందనేదాన్ని. షెడ్డు వైపు మాత్రం కన్నెత్తి చూడలేకపోయేదాన్ని.

కరోనా వచ్చింది. మగ్గాలు ఆగాయి, ల్యాబ్ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఆ రోజుల్లోనే పదకొండు దేశాల్లో ఒకటి ఇక వడ్డీ కట్టలేనన్నది. ఫండ్ వాళ్లు పంపిన సందేశం మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. ఫండ్ డబ్బులో సగానికి పైగా ఉన్న ఆ దేశం అప్పును విడిగా తీసి పక్కన పెట్టారు. అది ఎప్పుడు కడితే అప్పుడు ఇస్తారు. ఫండ్ గడువు రోజున తలుపు తెరుచుకుంది గాని నా చేతికి వచ్చింది నేను పెట్టిన దానిలో సగం కూడా లేదు. దాన్నంతా బ్యాంకు అప్పుకు కట్టాను. అయినా ఇంకా కొన్ని నెలల కిస్తీలు మిగిలాయి.

ఆ వారం ఒకరోజు సెలవు పెట్టి, బస్సెక్కి నారాయణపేట వెళ్లాను. అక్క వాకిట్లో రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది.

"అక్కా, నీకొక ముచ్చట జెప్పాలె."

"హైదరాబాదాయన ముచ్చటేనా?"

నేను భుజానున్న సంచి దించి కింద పెట్టాను.

"పది వారాలు ఎవ్వలు రాలే. వచ్చిన ఒక్కడు మొత్తం కొన్నడు, పూర్తి ధరకు కొన్నడు. గా దినం నీ మొఖం ఎట్లుండెనో నువ్వు జూస్కోలే, నేను జూసిన."

"మరి ఎందుకడగలే?"

"అడిగితె వాపస్ ఇయ్యాలె గద." రాట్నం ఆపింది. "తెల్వనట్టు ఉంటె షెడ్డు నాది. తెల్సిందంటె నీది. నాకు షెడ్డు గావాలె. తెల్సే సంతకం పెట్టిన. గప్పటికెల్లి నువ్వొచ్చి అన్నం తిన్నప్పుడల్ల నాకు ముద్ద దిగలే."

జాలి పడాల్సింది పోయి నాకు ఎంత కోపం వచ్చిందో! ఆ కిటికీ లేని గదిలో గడిపిన రోజులన్నీ ఒక్కసారిగా నోట్లోకి వచ్చాయి. ఆమె కూడా ఊరుకోలేదు. "నన్ను ఒక్క మాట అడిగినవా? నా మెడల గొలుసుండె, మీ బావ కొన్న ప్లాటుండె. నీ అంతల నువ్వే దేవతవైనవ్" అన్నది. అన్నం తినకుండానే వచ్చేశాను. రెండు నెలలు మాట్లాడుకోలేదు.

ఒకరోజు పదకొండు గంటలకు అక్క మా ల్యాబ్‌కు వచ్చింది. అంతకు ముందెన్నడూ రాలేదు. పేషెంట్ల మధ్య చీటీ లేకుండా కూర్చుంది. డాక్టరు రిపోర్టు ఆలస్యమైందని అందరి ముందూ నన్ను తిడుతున్నాడు. ఆమె అంతా విన్నది. ఆయన లోపలికి పోయాక దగ్గరికొచ్చింది.

"ఈ కొలువు ఇడ్సిపెట్టు."

"ఇంకా పద్నాలుగు కిస్తీలున్నయ్."

"అవి నేను కడ్త. వద్దనకు. వద్దంటె ఇప్పుడే పోయి షెడ్డు ఆ హాలాయనకిచ్చేస్త."

ఇస్తుందని నాకు తెలుసు. వద్దు అనే మాట నా నోటి దాకా వచ్చింది. తీసుకోవడం ఇవ్వడం కన్నా ఎంత కష్టమో ఆ క్షణాన తెలిసింది. అక్క రెండేళ్లకు పైగా ఆ బరువును ఒంటరిగా మోసింది. సరేనని తల ఊపాను.

ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చాను. నెల రోజులు పని చేసి పోవాలన్నాడు డాక్టరు. చేశాను. ఆ తర్వాత కోస్గిలో బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున్నే పల్లెల నుంచి వచ్చేవాళ్ల రక్తం తీసి పదింటి బస్సులో మహబూబ్‌నగర్ పంపిస్తాను. రాబడి తక్కువే. ఆ దేశం బాకీ ఇంకా పూర్తిగా తీరలేదు. ఎప్పుడో ఒకసారి ఖాతాలో కొంత పడుతుంది. పడిన రోజు అక్కకు ఫోన్ చేసి చెప్తాను. "ఏ దేశంరా అది, వాళ్లకు గూడ ఏం కష్టమొచ్చిందో" అంటుంది.