పిల్లి తప్పు కాదు

తడిసిన గోనెసంచుల వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. మొన్న మా ఆసుపత్రి వెనక బియ్యం బస్తాలు దించుతుంటే అదే వాసన. పిల్లల వార్డులో నర్సుగా ఇరవై ఏళ్లు దాటినా, ఆ క్షణంలో నేను బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ రేవు కూలీల లైన్లలో ఎనిమిదేళ్ల పిల్లనే.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసేవాడు. సాయంత్రమైతే నాకు ఆయాసం, పిల్లికూతలు. భవానీపూర్‌లో పిల్లల డాక్టరు, అందరూ శిఖాదీ అని పిలిచే బెంగాలీ ఆవిడ, నా ఊపిరితిత్తులు విని ఉబ్బసం అన్నారు. ఇంట్లో పిల్లి ఉందని తెలిసి, దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. మా మినీని మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీకి ఇచ్చేశాం. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. నెలలు గడిచినా ఆయాసం మాత్రం తగ్గలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు శిఖాదీ అమ్మను ఆగమని నన్నే అడిగారు.

"ఊపిరి బిగిసే ముందు ఏం చేస్తుంటావు?"

"నాన్న పని నుంచి వస్తాడు. ఎత్తుకుంటాడు."

"రోజూ ఇలాగే అవుతుందా?"

"ఆదివారం అవదు. నాన్నకి సెలవు."

ఆ ఆదివారమే ఆవిడ మా ఇంటికొచ్చారు. మేకుకు వేలాడుతున్న నాన్న చొక్కాను బయట ఎండలో దులిపితే బస్తాల ధూళి పొగలా లేచింది. నాన్న ముఖం పాలిపోయింది.

"నా వల్లేనేటి డాక్టరమ్మా? పిల్లనెత్తుకోడం మానీమంటారా?"

ఆవిడకు తెలుగు రాదు, నాన్నకు బెంగాలీ అంతగా రాదు; ఇద్దరి మధ్యా మాట అందించింది నేనే. ఆవిడ నవ్వారు. "ఎందుకు మానాలి, అన్నయ్యా? ముందు స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఎత్తుకో."

తరవాత నా ముందు గొంతుక్కూర్చున్నారు. "నేను పొరబడ్డాను. నీ పిల్లి తప్పేమీ లేదు. నన్ను క్షమించు."

పెద్దవాళ్లు పిల్లలతో అలా అంటారని నాకు అంతవరకు తెలియదు. తలూపాను కానీ ఏడుపు ఆగలేదు.

రోజూ పీల్చే మందు కూడా రాశారు. "అలవాటైపోద్దేమో" అని అమ్మ భయపడితే, "ఊపిరి తీసుకోవడం కూడా అలవాటేగా" అన్నారు. మరుసటి చలికాలానికి నేను బడిలో పరుగు పందెంలో ఉన్నాను. మినీ మాత్రం తిరిగి రాలేదు. దర్జీ ఇంట్లో అప్పటికే పిల్లల్ని పెట్టింది.

పోయిన నెల, ఇంట్లో అగరొత్తులు వెలిగిస్తున్నందుకు ఆయాసంతో వార్డులో చేరిన ఒక పిల్లాడి తల్లిని మందలించాను. కారణం అది కాదని తేలింది. అందరి ముందూ ఆమెతో ఆ మాటే చెప్పాను, తప్పు నాదేనని. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, అంతవరకు చెప్పని సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టింది.