నేను ఖాళీగా వదిలిన గడి: జనగామ నుంచి భూపాలపల్లికి

జనవరి మొదటి ఆదివారం మా జనగామ సంఘంలో నిబంధన ఆరాధన జరుగుతుంది. దేవునితో చేసుకున్న ఒడంబడికను ఏడాదికొకసారి అందరూ లేచి నిలబడి మళ్లీ ఒప్పుకుంటారు. ఎన్నో ఏళ్లుగా నేను మొదటి వరుసలో, అందరికంటే ముందు లేచే మనిషిని. ఈసారి లేవలేకపోయాను. పక్కన కూర్చున్న మనవరాలు స్నేహ "మోకాళ్లా నానమ్మా?" అంటూ మోచెయ్యి పట్టుకుంది. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఇచ్చిన మాట నిలుపుకునేవాళ్లకు దేవుని ఎదుట నిలబడే ధైర్యం కలుగుతుందని అయ్యగారు అప్పుడే ప్రసంగంలో చెప్పారు. నాకు ఎనభై ఎనిమిదేళ్లు. ఇచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ వెళ్లి ఒకదాని దగ్గర ఆగిపోయాను. డెబ్బై నాలుగేళ్ల క్రితం మహబూబాబాద్ చర్చిలో ఒక పసిబిడ్డ బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడి, ఈ బిడ్డకు విశ్వాసం నేర్పి ప్రభువు బల్ల దగ్గరికి తీసుకొస్తానని సంఘం ముందు మాటిచ్చాను. ఆ బిడ్డ పేరు కరుణమ్మ. భూపాలపల్లి దగ్గరి పల్లెలో ఉంటుంది. నేను ఉత్తరాల్లో పంపిన బైబిలు వచనాలన్నీ కంఠతా అప్పజెప్పింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లి చివరి వరుసలో కూర్చుంటుంది. రొట్టె, ద్రాక్షారసం బల్ల మీదికి రాగానే లేచి బయటికి వెళ్లిపోతుంది. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ముప్పై ఏళ్ల క్రితం నేను వెళ్లి, "నా మాట పోగొడుతున్నావు" అని గట్టిగా కసిరాను. అప్పటి నుంచి క్రిస్మస్‌కు ఒక ఫోను తప్ప మా మధ్య రాకపోకలు లేవు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అక్కడ రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం ఉంటుందని తెలుసుకొని, ముందురోజు శనివారం నేనూ స్నేహా బయల్దేరాము. భూపాలపల్లి అయ్యగారికి ఫోన్ చేస్తే, ఆమె ఒప్పుకుంటే బల్ల దగ్గర చేర్చుకోవడానికి తనకు అభ్యంతరం లేదని, బాప్తిస్మం పత్రం మాత్రం తెమ్మని అన్నారు. పత్రం మహబూబాబాద్‌లోనే దొరుకుతుంది కాబట్టి ముందు అక్కడికి వెళ్లాలి. జనగామలో ఉదయం ఏడుంబావు రైలు, కూర్చునే టికెట్లు ఇద్దరికీ కలిపి నూట యాభై రూపాయలు. కాజీపేట, వరంగల్ దాటి తొమ్మిదిన్నరకు మహబూబాబాద్‌లో దిగాము. టీ పది రూపాయలు. ఇంట్లో చేసిన ఉప్మా, పెరుగు వెంట తీసుకెళ్లాము. రైల్లో అమ్మే పదార్థాలు ఈ వయసులో నాకు పడవు.

దారిలో స్నేహకు ఆ రోజుల సంగతి చెప్పాను. పోలీసు చర్య జరిగి రజాకార్ల పీడ వదిలినా మా పక్కన నెమ్మది రాలేదు. భూమి కోసం తుపాకి పట్టిన కమ్యూనిస్టు దళాలు గోదావరి అడవుల్లోకి తరలిపోయాయి. వాళ్లను వెతుకుతూ మిలటరీ వాళ్లు ఊళ్లలో క్యాంపులు వేశారు. దళంలో ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే అతని తల్లినో పెళ్లాన్నో క్యాంపుకు పిలిపించేవారు. మా నాన్న మహబూబాబాద్‌లో మిషన్ బడి పంతులు. నాకు పద్నాలుగేళ్లు, మూడు వారాల ముందే మొదటి సంస్కారం పుచ్చుకున్నాను. ఒక ఆదివారం సాలమ్మ అనే బాలింత మరిపెడ వైపు పల్లె నుంచి బిడ్డనెత్తుకొని చర్చికి వచ్చింది. ఆమె భర్త ఏసోబు మా చర్చిలోనే డోలక్ వాయించిన మనిషి, ఆరు నెలలుగా దళంలో ఉన్నాడు. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు. "ఈ బిడ్డకు జ్ఞానతల్లిగా ఎవరు నిలబడతరు?" అని అయ్యగారు అడిగారు. ఆడవాళ్లంతా కొంగులు సర్దుకున్నారు. రెండోసారి అడిగినప్పుడు నేను లేచాను.

"అంత ధైర్యం ఎక్కడిది నానమ్మా నీకు?" అంది స్నేహ.

"ధైర్యమేం కాదు. బాప్తిస్మంలో జ్ఞానతల్లి చెప్పే జవాబులు నాకు నోటికి వచ్చు. అందరి ముందు అప్పజెప్పాలని ఉబలాటం."

పిల్ల పకపకా నవ్వింది. నిజమే చెప్పాను.

మహబూబాబాద్ స్టేషన్ బయట ఆటో అతను ఎనభై అడిగి యాభైకి ఒప్పుకున్నాడు. "పాత చర్చి కాడికా అవ్వా? పెండ్లున్నదా?" అన్నాడు. "బాప్తిస్మం" అన్నాను. అద్దంలో నన్నొకసారి, స్నేహనొకసారి చూసి, "ఎవలికి?" అన్నాడు. "అయిపోయి డెబ్బై నాలుగేండ్లయింది నాయినా, పత్రం కోసం పోతున్న" అంటే, "గవుర్మెంటు ఆఫీసుల గూడ గింత లేటు గాదు" అన్నాడు.

ఇప్పటి అయ్యగారు యువకుడు, ఓపికగల మనిషి. ముందే ఫోన్ చేసి ఉండడంతో బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టారు. అట్ట పురుగు తిన్నది, లోపలి సిరా మాత్రం చెక్కుచెదరలేదు. పేజీ దొరకడానికి అరగంట పట్టింది. బిడ్డ పేరు కరుణమ్మ. తల్లి సాలమ్మ. జ్ఞానతల్లి దగ్గర నా పేరు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది.

"ఇదేంది, తండ్రి పేరు రాయలేదు" అన్నారు అయ్యగారు. ఆ వరుసలోని గుండ్రటి అక్షరాలు చూస్తూ నేను కుర్చీ వెతుక్కున్నాను. అవి నా అక్షరాలు. ఆ రోజు బాప్తిస్మమిచ్చిన పెద్దయ్యగారికి చలిజ్వరం, చెయ్యి వణుకుతుంటే నాతో రాయించారు. తండ్రి పేరు దగ్గరికి రాగానే ఆయన నా చేతిమీద చెయ్యి వేసి ఆపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "అది రాయకు బిడ్డా. క్యాంపోళ్లు ఈ పుస్తకం గూడ తిరగేస్తరు. దినాలు మంచిగైనంక నువ్వే నింపాలె. నాకు మాటియ్యి" అన్నారు. ఇచ్చాను. మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. మా నాన్న జనగామ బడికి మారాడు. దినాలు మంచిగయ్యాయి. నేను మరిచిపోయాను. తర్వాత ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను, ప్రధానోపాధ్యాయురాలినయ్యాను. హాజరుపట్టీలో ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే టీచర్లను నిలబెట్టి కారణం అడిగిన మనిషిని నేను.

"ఇప్పుడు రాయొచ్చా?" అని అడిగాను.

అయ్యగారు రిజిస్టరు నా వైపు తిప్పారు. "దిద్దుడైతే కుదరదమ్మా. ఖాళీ నింపొచ్చు. పక్కన మీరు సాక్షిగా సంతకం పెట్టి ఇయ్యాల్టి తారీఖు ఎయ్యాలె. కింద నేను సంతకం పెడత." పెన్ను తీసుకున్నాను. ఏసోబు అని మూడక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ వరుస చూసి అయ్యగారు కొత్త పత్రం రాసిచ్చారు. రుసుము ఏమీ లేదు. కానుక పెట్టెలో ఐదువందలు వేసి పదకొండున్నరకు బయటపడ్డాము.

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి ఆ వేళకు నేరుగా బస్సు దొరకలేదు. నర్సంపేటలో మారాము, ములుగులో మళ్లీ మారాము. ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదన్న సంగతి తెలిసినా, నర్సంపేట బస్సులో నేను వంద నోటు చాపాను. ఊరికే వచ్చేది తీసుకోవడం నాకు అలవాటు లేదు.

"పైసలు లోపల పెట్టుకో అవ్వా. ఆధార్ సూపియ్యి" అంది కండక్టరమ్మ. చూపించాక చేతిలో ఒక చీటీ పెట్టింది. దాని మీద సున్నా అని ఉంది.

"డబ్బే తీసుకోనప్పుడు చీటీ ఎందుకమ్మా?"

"నీ పైసలు సర్కారు కడ్తది. నువ్వు ఎక్కినవని నిశాని ఉండాలె గద. పారెయ్యకు, చెకింగోళ్లొస్తే నా పానం మీదికొస్తది."

పారేయలేదు. డైరీలో పెట్టుకున్నాను. ములుగు దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి వచ్చింది. టేకుచెట్ల ఆకులు రాలి దూరం దాకా కనిపిస్తోంది. ఏసోబు ఈ అడవుల్లోనే ఎక్కడో పోయాడు. శవం ఇంటికి రాలేదు. సాలమ్మ చంటిబిడ్డతో తన అన్న ఇంటికి, ఈ పక్కకే వచ్చేసింది. కరుణమ్మకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె కూడా కన్నుమూసింది. సంచిలోని పత్రాన్ని నేను రెండుమూడుసార్లు తడిమి చూసుకున్నాను. భూపాలపల్లిలో దిగేసరికి నాలుగున్నర. అక్కడి నుంచి మహదేవపూర్ రోడ్డు మీద పల్లె దాకా ఆటోకు రెండువందలు.

కరుణమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి నడుం పట్టుకొని లేచింది. "ఎవలు, జ్ఞానమ్మనా? బతికున్నవా ఇంకా!" అంది. జ్ఞానతల్లిని చిన్నప్పటి నుంచి అలాగే పిలుస్తుంది. "వచనాలు అప్పజెప్పమంటవా? ఆగు, ముందు కాళ్లు కడుక్కో" అని చెంబుతో నీళ్లిచ్చింది. నేను కూర్చోకుండానే పత్రం చేతికిచ్చాను. ఆమె చూపు మందగించింది. స్నేహను చదవమంది.

"బిడ్డ పేరు కరుణమ్మ. తండ్రి పేరు ఏసోబు..."

"మల్ల సదువు బిడ్డా."

స్నేహ చదివింది. కరుణమ్మ గడప మీద కూలబడింది. అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లు నాకు చెప్పనిది. పదహారేళ్లప్పుడు పెళ్లికి పత్రం కావాలని మేనమామ వెంట మహబూబాబాద్ వెళ్లిందట. రిజిస్టరు తీసిన మనిషి, "ఈ పిల్లకు తండ్రి లేడా ఏంది?" అన్నాడట. అక్కడున్నవాళ్లు నవ్వారట. "తుపాకి పట్టినోడని మా నాయిన పేరు తీసేసిండ్రనుకున్న. దేవుని ఇంట్ల ఆయనకు జాగ లేకపోతే, గా బల్ల కాడ నాకెందుకు జాగ? నీకు చెప్తే వచనం చెప్పి నోరు మూపిస్తవని చెప్పలే." పత్రాన్ని కళ్లకద్దుకుంది. "ఎవలో పుణ్యాత్ములు, ఇన్నాళ్లకు రాసిండ్రు."

ఆ క్షణంలో నేను మౌనంగా ఉండి ఉంటే సరిపోయేది. ఆమె సంతోషంగానే ఉంది, మరునాడు బల్ల దగ్గరికి వచ్చేదే. నా మాట నెరవేరినట్టే లోకానికి కనిపించేది. "పుణ్యాత్ములు ఎవరూ లేరు కరుణమ్మా" అన్నాను. "ఆ గడి ఖాళీగా వదిలింది నేనే. నీ మీదికి, మీ అమ్మ మీదికి క్యాంపువాళ్లు రాకూడదని అయ్యగారు వదిలించారు. తర్వాత నింపుతానని మాటిచ్చి మరిచిపోయాను. ఈ పొద్దున నింపాను."

ఆమె పత్రాన్ని ఒళ్లోకి దించింది. "యాభై ఎనిమిదేండ్లు" అంది. "నేను బయట నిలబడ్డ. నువ్వేమో లోపట్నుంచి ఉత్తరాలు రాసినవ్, కరుణమ్మా దేవుని మాట తప్పకు, కరుణమ్మా దేవుని మాట తప్పకు అని." లేచి లోపలికి వెళ్లిపోయింది. టీ ఒక్క గ్లాసే తెచ్చింది, అది స్నేహకు. అన్నం పెట్టింది, మంచం వేసింది, నాతో మాట్లాడలేదు. క్షమించమని ఒక్కసారి అడిగాను. వినిపించనట్టు టీవీ శబ్దం పెంచింది. ఇంకేమీ అడగలేదు. అడగడం నా వంతు, ఇవ్వడం ఆమె ఇష్టం.

ఆదివారం ఏడింటికి నేను లేచేసరికి ఆమె తెల్లచీర కట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. "లే జ్ఞానమ్మా. ఊరందరికీ టైం నేర్పినదానివి, నువ్వే ఆలస్యమా?" అంది. పత్రం ఆమె చేతిలోనే ఉంది.

చర్చి చిన్నది, రేకుల కప్పు, ముప్పై మంది ఉంటారు. బల్ల సిద్ధమయ్యాక కరుణమ్మ బయటికి వెళ్లలేదు. అక్కడి అయ్యగారు, "ఈమెను ప్రభువు బల్ల దగ్గరికి తీసుకొచ్చిందెవరు?" అని అడిగారు. నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. "నేను. ఆలస్యంగా తెచ్చాను" అన్నాను. ఆయన ఆమె వైపు తిరిగి పేరడిగారు. పత్రం ఆయన ముందే ఉంది, చదివితే సరిపోయేది. కరుణమ్మ చర్చి అంతటికీ వినిపించేలా చెప్పింది. "కరుణమ్మ. ఏసోబు బిడ్డను."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చొని నిబంధన అన్న మాట గురించే ఆలోచించాను. బడిలో, ఆఫీసులో ఆ మాటకు షరతు అని అర్థం. ముప్పై నాలుగేళ్లు నేను దాన్ని అలాగే చదివాను, తప్పినవాళ్లను అలాగే నిలదీశాను. జనవరిలో లేవలేకపోయినప్పుడు కూడా, అన్నీ సరిగ్గా చేసినవాళ్లకే ధైర్యమని అనుకున్నాను. నేను సరిగ్గా చేయలేదని ఇప్పుడు నాకు సాక్ష్యంతో సహా తెలుసు. అయినా ఆ ఆదివారం నిలబడగలిగాను. నేను మరిచిన డెబ్బై నాలుగేళ్లూ అవతలివైపు మాట ఇచ్చిన దేవుడు మరవలేదు. ఆ పేజీని పురుగు తినకుండా, నా చెయ్యి పెన్ను పట్టుకోగలిగేదాకా కాచి ఉంచాడు. తప్పిన చోటికి తిరిగి వెళ్లి ఆ మాటను నిలబెట్టడం కూడా నిబంధనలో భాగమేనని నేను ఇంత ఆలస్యంగా నేర్చుకున్నాను. సున్నా రాసిన చీటీ ఇంకా డైరీలోనే ఉంది.

మీలో ఎవరైనా పాత రిజిస్టర్ల కోసం ఆ వైపు వెళ్లేటట్టయితే నా సలహా ఒకటే. వారం ముందు ఫోన్ చేసి, శనివారం పొద్దున్నే చేరుకొని, ఆ కాలం చూసిన మనిషి ఒకరిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. రాసింది మీరూ చదవగలరు. రాయనిది ఎందుకు రాయలేదో ఆ మనిషే చెప్పాలి, ఆ మనిషి ఉండగానే అడగాలి.